చెన్నై నుంచి కువైట్: దూరం ఎంత, విమానంలో గడిపే సమయం ఎంత?

ప్రశ్న: కావలి వాసి

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్లిన తరువాత, జనవరి నెలాఖరులో, మా అమ్మగారు కువైట్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరకు వెళుతున్నారు. ఉగాదికి ముందే, మార్చిలో, తిరిగి వస్తారు. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. తోడుగా ఎవరూ వెళ్లడం లేదు. ఆమెకు చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. మందులు, భోజనం వేళ తప్పకూడదు కాబట్టి ప్రయాణం నిజంగా ఎన్ని గంటలు పడుతుందో ముందే కచ్చితంగా తెలుసుకోవాలని నా ప్రయత్నం.

టికెట్టు చూస్తే నాకు స్పష్టత రాలేదు. వెళ్లేటప్పుడు చెన్నైలో ఉదయం 10 గంటలకు బయలుదేరి, కువైట్‌లో మధ్యాహ్నం 12 గంటల 45 నిమిషాలకు దిగుతుందని ఉంది. తిరుగు ప్రయాణంలో కువైట్‌లో రాత్రి 11 గంటలకు బయలుదేరి, చెన్నైకి తెల్లవారి 6 గంటల 10 నిమిషాలకు చేరుతుందని ఉంది. రెండు దేశాల గడియారాలకూ తేడా ఉంటుందని నాకు తెలుసు. అయితే ఆ తేడాను ఎటు కలపాలో, ఎటు తీసివేయాలో, తీసివేసిన తరువాత కూడా రెండు ప్రయాణాలూ సమానంగా ఎందుకు రావడం లేదో ఎవరైనా వివరించగలరా?

దూరం విషయంలోనూ ఇదే గందరగోళం. ఒక చోట 3,780 అని, మరొక చోట 2,350 అని, ఇంకొక చోట 2,040 అని కనిపించింది. వీటిలో ఏది సరైనది? చివరిగా మరొక్క మాట. పటంలో చూస్తే చెన్నై కంటే హైదరాబాదే కువైట్‌కు దగ్గరగా ఉంది. కావలి నుంచి బయలుదేరే పెద్దావిడకు హైదరాబాదు విమానం మేలా, చెన్నై విమానమే మేలా? టికెట్టు మార్చుకోవడానికి ఇంకా గడువు ఉంది.

మొదటి జవాబు: ఒంగోలు, విశ్రాంత గణితోపాధ్యాయుడు

కావలి సోదరునికి నమస్కారం. మీరు చూసిన మూడు అంకెలూ సరైనవే. ఒకే దూరాన్ని మూడు కొలమానాలలో చెప్పారు, అంతే. 3,780 అన్నది కిలోమీటర్లు, 2,350 అన్నది మామూలు మైళ్లు, 2,040 అన్నది నాటికల్ మైళ్లు. నౌకలూ విమానాలూ వాడేది ఈ మూడవ కొలమానాన్నే. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. చాలా వెబ్‌సైట్లు అంకె పక్కన కొలమానాన్ని చిన్న అక్షరాలలో వేయడం వల్ల చదివేవారికి ఈ ఇబ్బంది కలుగుతోంది.

ఈ దూరాన్ని మనమే లెక్క వేసుకోవచ్చు. చెన్నై విమానాశ్రయం సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కువైట్ విమానాశ్రయం సుమారు 29.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 48 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూమి కేంద్రం నుంచి ఈ రెండు చోట్లకూ రెండు గీతలు గీస్తే వాటి మధ్య కోణం దాదాపు 34 డిగ్రీలు వస్తుంది. భూమి ఉపరితలం మీద ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ కాబట్టి, 34 డిగ్రీలకు దాదాపు 3,780 కిలోమీటర్లు అవుతుంది. అదే డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక నాటికల్ మైలు. 34ను 60తో గుణించండి, 2,040 వస్తుంది. నాటికల్ మైలు పుట్టిందే ఈ లెక్క నుంచి కాబట్టి అంత చక్కగా సరిపోతుంది.

ఈ గీత ఎటు వెళుతుందో కూడా చెబుతాను, అమ్మగారికి చెబితే సంతోషిస్తారు. చెన్నైలో బయలుదేరి వాయవ్యంగా తిరుపతి పక్కగా, అనంతపురం మీదుగా కర్ణాటకలోకి వెళ్లి, కొంకణ తీరం దగ్గర నేల విడిచి, అరేబియా సముద్రాన్ని దాటి, ఒమన్ సింధుశాఖ, పర్షియా సింధుశాఖల మీదుగా కువైట్ చేరుతుంది. ఇది లెక్క ప్రకారం అతి దగ్గరి దారి. విమానం అచ్చంగా ఈ గీత మీదనే పోదు, దానికి కారణాలు విమానాల పని తెలిసినవారు చెబితే బాగుంటుంది.

ఇక గడియారాల సంగతి. మన దేశపు సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. ఆ రేఖ మన కాకినాడ మీదుగా పోతుందని బడిలో చదువుకున్నదే. కువైట్ సమయానికి ఆధారం 45 డిగ్రీల రేఖాంశం. రెండింటికీ తేడా 37.5 డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ తేడా సరిగ్గా 2 గంటల 30 నిమిషాలు. కువైట్ గడియారం మనకంటే అంత వెనుక ఉంటుంది. వేసవిలో గడియారాలను ముందుకు జరిపే పద్ధతి అక్కడా లేదు, ఇక్కడా లేదు, అందువల్ల ఏడాది పొడవునా ఈ తేడా మారదు.

ఇప్పుడు మీ టికెట్టు చూద్దాం. అమ్మగారు కువైట్‌లో దిగే 12 గంటల 45 నిమిషాలకు రెండున్నర గంటలు కలిపితే కావలిలో మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలు. కనుక ఉదయం 10 నుంచి లెక్కిస్తే ప్రయాణం 5 గంటల 15 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో కువైట్‌లో రాత్రి 11 అంటే మనకు రాత్రి 1 గంట 30 నిమిషాలు. అక్కడి నుంచి 6 గంటల 10 నిమిషాల వరకు 4 గంటల 40 నిమిషాలు. రెండు వేళలనూ ఒకే ఊరి గడియారంలోకి మార్చుకున్న తరువాతే తీసివేత చేయాలి. ఈ ఒక్క నియమం గుర్తుంచుకుంటే ఎటు కలపాలి, ఎటు తీయాలి అన్న సందేహమే రాదు.

మీ లెక్క సరిపోయిందో లేదో చూసుకునే ఉపాయం ఒకటి ఉంది. టికెట్టు మీద పైకి కనిపించే వ్యవధులు వెళ్లేటప్పుడు 2 గంటల 45 నిమిషాలు, వచ్చేటప్పుడు 7 గంటల 10 నిమిషాలు. రెండూ కలిపితే 9 గంటల 55 నిమిషాలు. నేను చెప్పిన అసలు వ్యవధులు 5 గంటల 15 నిమిషాలనూ, 4 గంటల 40 నిమిషాలనూ కలిపి చూడండి, అదే మొత్తం వస్తుంది. వెళ్లేటప్పుడు గడియారం దాచిన రెండున్నర గంటలనూ వచ్చేటప్పుడు తిరిగి చూపించేస్తుంది కాబట్టి, రానూ పోనూ మొత్తంలో ఆ తేడా రద్దయిపోతుంది. ఏ రెండు నగరాల మధ్యనైనా ఈ పద్ధతి పనికి వస్తుంది. మిగిలిన 35 నిమిషాల తేడాకు మాత్రం గడియారంతో సంబంధం లేదు. అది గాలి వల్ల వచ్చినది.

రెండవ జవాబు: నెల్లూరు, విమానాశ్రయంలో గ్రౌండ్ విభాగంలో పనిచేసినవాడు

మాస్టారు చెప్పిన చోటు నుంచే మొదలుపెడతాను. ముందుగా ఒక విషయం. టికెట్టు మీద వేసే సమయం విమానం గాలిలో ఉండే సమయం కాదు. విమానం తన స్టాండ్ నుంచి వెనక్కి కదిలిన క్షణం నుంచి అవతలి విమానాశ్రయంలో స్టాండ్‌లో ఆగే వరకు పట్టే మొత్తం కాలాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాము. టికెట్టు మీద ఉండేది అదే. రన్‌వే దాకా నెమ్మదిగా నడిచి వెళ్లడం, ముందున్న విమానాలు లేచే వరకు వరుసలో ఆగడం, దిగిన తరువాత మళ్లీ స్టాండ్ దాకా రావడం, ఇవన్నీ అందులో చేరతాయి. కొన్ని వెబ్‌సైట్లు దూరాన్ని వేగంతో భాగించి వచ్చిన అంకెనే విమాన సమయంగా చూపిస్తాయి. అది టికెట్టు మీది సమయం కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ప్రయాణికులు టికెట్టు మీది సమయాన్నే నమ్మాలి.

ఈ మార్గంలో తిరిగే ఎ320 తరహా విమానం పైకి చేరిన తరువాత నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 3,780 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు. కానీ పైన గాలి నిశ్చలంగా ఉండదు. చలికాలంలో ఉత్తర భారతం, అరేబియా సముద్రపు ఉత్తర భాగం, గల్ఫ్ ప్రాంతాల మీద దాదాపు విమానాలు ఎగిరే ఎత్తులోనే బలమైన పడమటి గాలి, అంటే జెట్ ప్రవాహం, వీస్తుంది. పడమర నుంచి తూర్పుకు వీచే గాలి కాబట్టి కువైట్‌కు వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, వచ్చే విమానానికి వెనుక నుంచి తోసే గాలి. దారి పొడవునా సగటున గంటకు 60 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. వెళ్లేటప్పుడు నేల మీది లెక్కలో వేగం 770కి తగ్గి, దాదాపు 4 గంటల 55 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు 890కి పెరిగి, 4 గంటల 15 నిమిషాలకే అయిపోతుంది. ఎక్కడానికీ, దిగడానికీ, నేల మీద నడకకూ మరొక 20 నుంచి 30 నిమిషాలు కలపండి. మీ టికెట్టు మీది రెండు అంకెలకూ దగ్గరగా వస్తాయి. విమాన సంస్థలు ఆయా కాలాలలో వీచే గాలిని బట్టే ఈ సమయాలు వేస్తాయి కాబట్టి మీ 35 నిమిషాల తేడాలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

మాస్టారు అడిగిన దారి విషయం. విమానాలు ఆకాశంలో నిర్ణయించిన మార్గాల వెంట ఒక గుర్తు నుంచి మరొక గుర్తుకు పోతాయి. గాలి అనుకూలంగా ఉండే దారి కోసం కొంచెం పక్కకు జరగడం, మేఘాలను తప్పించుకోవడం, దిగబోయే రన్‌వే దిశకు అనుగుణంగా చుట్టు తిరగడం మామూలే. అందువల్ల వాస్తవంగా ఎగిరే దూరం మాస్టారి లెక్క కంటే ఎప్పుడూ కొంత ఎక్కువ ఉంటుంది. గల్ఫ్ ప్రాంతంలో ఇంకొక కారణం కూడా ఉంది. అక్కడ ఉద్రిక్తతలు పెరిగినప్పుడు దేశాలు తమ గగనతలాన్ని మూసివేస్తాయి. 2025 జూన్ 23న ఖతార్, కువైట్, బహ్రెయిన్ వంటి దేశాలు కొన్ని గంటలపాటు అలాగే మూసివేయగా, దారిలో ఉన్న విమానాలు వెనక్కి తిరగడమో వేరే చోట దిగడమో జరిగింది. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అమ్మగారి చేతి సంచిలో ఒక పూటకు కాక కనీసం రెండు రోజులకు సరిపడా మందులు ఉండాలన్న నా సలహాకు కారణం ఇదే.

మూడవ జవాబు: సూళ్లూరుపేట వాసి

హైదరాబాదా, చెన్నైనా అన్న ప్రశ్నకు ఎవరూ ఇంకా జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెబుతాను. ఆకాశంలో దూరం చూస్తే హైదరాబాదు నుంచి కువైట్ సుమారు 3,370 కిలోమీటర్లు. చెన్నై కంటే 400 కిలోమీటర్లు తక్కువ. విమానంలో అది అరగంట మాత్రమే. కానీ కావలి నుంచి ఒంగోలు, అద్దంకి, నార్కెట్‌పల్లి మీదుగా శంషాబాద్ చేరడానికి దాదాపు 400 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. చెన్నై విమానాశ్రయం అయితే 240 కిలోమీటర్ల లోపే. గాలిలో మిగిలే అరగంట కోసం నేల మీద మూడు గంటలు అదనంగా కూర్చోబెట్టడం ఆ వయసువారికి ఏ విధంగానూ మేలు కాదు. మన జిల్లా వాళ్లు ఆకాశ దూరం చూసి విమానాశ్రయాన్ని ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంటి గడప నుంచి దిగబోయే ఇంటి గడప వరకు పట్టే కాలాన్ని లెక్క వేసుకోవాలి. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాము. అది వచ్చే వరకు నెల్లూరు జిల్లా వారికి విదేశీ ప్రయాణమంటే చెన్నైయే.

చెన్నై దారిలో కష్టం దూరంలో లేదు, చివరి భాగంలో ఉంది. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ వరకు జాతీయ రహదారి మీద సాఫీగా వెళ్లిపోతారు. గుమ్మిడిపూండి దాటి రెడ్‌హిల్స్ దగ్గర పడేసరికి లారీల రద్దీ మొదలవుతుంది. విమానాశ్రయం నగరానికి దక్షిణాన మీనంబాక్కంలో ఉంది. మనమేమో ఉత్తరం నుంచి వస్తాము. అందువల్ల నగరంలోకి పోకుండా పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి మధురవాయల్ మీదుగా వెళ్లడం మంచిది. అన్నీ కలిపి కావలి నుంచి ఐదు గంటలు అనుకోండి.

అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి కాబట్టి 10 గంటల విమానానికి ఉదయం 7 గంటలకు అక్కడ ఉండాలి. అంటే కావలిలో రాత్రి 2 గంటలకు కారు ఎక్కాలి. దారిలో ఆగడానికి వ్యవధి ఉంచుకుంటే రాత్రి 1 గంటకే బయలుదేరాలి. మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలకు మన లెక్కలో దిగుతారు. ఇమిగ్రేషన్, సామాను, అక్కడి నుంచి ఇల్లు, వీటికి కనీసం గంటన్నర. మొత్తం దాదాపు 16 గంటలు. అందులో విమానం వాటా మూడవ వంతు మాత్రమే. అమ్మగారి మందుల పట్టిక ఈ 16 గంటలకూ వేసుకోవలసినది, ఐదు గంటలకు కాదు.

నా మాట వింటే ముందురోజే చెన్నై చేర్చండి. ఉదయం కావలిలో పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్ చేరతారు. ఎండ తగ్గాక బంధువుల ఇంటికో, విమానాశ్రయం సమీపంలోని బసకో వెళ్లి, రాత్రి వేళకు తిని, వేళకు మందు వేసుకుని నిద్రపోతారు. సెంట్రల్ నుంచి విమానాశ్రయం లోపలి దాకా మెట్రో రైలు ఉంది. తెల్లవారి 5 గంటల ప్రాంతంలో రైళ్లు మొదలవుతాయి కాబట్టి 7 గంటలకు చేరడం కష్టం కాదు. సామాను ఎక్కువ ఉంటే కారే మంచిది.

జనవరి నెలాఖరు కాబట్టి తుఫానుల భయం అంతగా ఉండదు. ఇదే ప్రయాణం నవంబరు, డిసెంబరులలో అయితే వేరే విధంగా చెప్పేవాడిని. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిని, కోవూరు వైపు జాతీయ రహదారి కూడా తెగిపోయినప్పుడు కావలి వైపు వారికి చెన్నై దారే మూసుకుపోయింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫాను వానకు చెన్నై విమానాశ్రయం రన్‌వేనే మూసివేశారు. ఆ రెండు నెలల్లో ప్రయాణం పెట్టుకునేవారు ముందురోజు చేరడాన్ని సలహాగా కాక నియమంగా పాటించాలి.

నాలుగవ జవాబు: ఉదయగిరి ఆడపడుచు, ప్రస్తుతం కువైట్

అన్నగారూ, మా అమ్మ కూడా చక్కెర వ్యాధితోనే ఇక్కడికి వచ్చి వెళ్లింది కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. మందుల మోతాదు, వేళల విషయంలో చివరి మాట మీ డాక్టరుగారిదే. ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు టికెట్టు మీది వేళలను కాకుండా, మాస్టారు చెప్పినట్టు అన్నింటినీ భారత సమయంలోకి మార్చి రాసిన కాగితాన్ని తీసుకువెళ్లండి. రాత్రి భోజనం ఎన్నింటికి, నిద్ర లేచేది ఎన్నింటికి, విమానం లేచేది, దిగేది, ఇల్లు చేరేది ఎన్నింటికి అని వరుసగా ఉంటే ఏ మాత్ర ఎప్పుడో ఆయన దాని పక్కనే రాసి ఇవ్వగలరు.

అమ్మగారి చేతి గడియారాన్ని ఇల్లు చేరే వరకు మార్చవద్దు. విమానం దిగగానే సెల్‌ఫోను దానంతట అదే కువైట్ సమయం చూపిస్తుంది. దాన్ని చూసి, ఇంకా ఒంటిగంటే కదా, మందుకు వేళ కాలేదు అనుకునే ప్రమాదం ఉంది. శరీరానికి అప్పటికి మూడున్నర అయి ఉంటుంది. పడమటి వైపు వచ్చేటప్పుడు ఆ రోజు రెండున్నర గంటలు పొడుగవుతుంది కాబట్టి మధ్యలో ఒక చిన్న ఆహారం అదనంగా అవసరమవుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు రోజు అంతే కురచ అవుతుంది, పైగా రాత్రి ప్రయాణం. అప్పుడు రెండు మోతాదులు మరీ దగ్గరగా పడకుండా చూసుకోవాలి. ఈ రెండు విషయాలూ డాక్టరుగారితో విడివిడిగా మాట్లాడండి.

ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని తప్పకుండా చేతి సంచిలోనే ఉంచాలి. సామానుతో కింద వేస్తే చలికి గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది, సామాను ఆలస్యమైతే అసలు చేతికే అందదు. మందులన్నీ వాటి అట్టపెట్టెలతోనే, డాక్టరు రాసిన చీటీతో సహా తెచ్చుకోవాలి. నొప్పులకు వాడే కొన్ని బలమైన మాత్రలు, నిద్ర మాత్రలు ఇక్కడ నియంత్రణలో ఉన్నాయి. అటువంటివి ఏవైనా ఉంటే ముందే విచారించకుండా పంపవద్దు. ఊరివాళ్లు ఎవరైనా తమ పిల్లలకు ఇమ్మని మందుల పొట్లాలు ఇస్తే, మొహమాటపడకుండా కాదని చెప్పండి.

భోజనం సంగతి. కొన్ని విమానాలలో టికెట్టుతోనే భోజనం ఇస్తారు, కొన్నింటిలో ముందుగా డబ్బు చెల్లించి చెప్పుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి వేరే భోజనం ఇచ్చే ఏర్పాటు ఉన్న సంస్థ అయితే కనీసం రెండు రోజుల ముందే చెప్పి ఉంచండి. విమానం లేచిన తరువాత భోజనం ఎప్పుడు చేతికి వస్తుందో కచ్చితంగా చెప్పలేము కాబట్టి, ఇంటి నుంచి రెండు చపాతీలో, కొన్ని బిస్కెట్లో దగ్గర ఉండాలి. ఐదు గంటలు కూర్చున్న చోటే ఉండకుండా మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడవమని, నీళ్లు తాగమని చెప్పండి. మా అమ్మలాంటివారు మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. అది మంచిది కాదు. నడవా పక్క సీటు తీసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఒంటరిగా వస్తున్నారు కాబట్టి వీల్‌చెయిర్ సహాయం కోరండి. నడవగలిగినవారు కూడా కోరవచ్చు. చెన్నైలో కౌంటరు నుంచి విమానం వరకు, ఇక్కడ విమానం నుంచి బయట ద్వారం వరకు ఒక మనిషి తోడు ఉంటారు, ఇమిగ్రేషన్ దగ్గర వరుసలో నిలబడే శ్రమ ఉండదు. మీ చెల్లెలికి ఒక మాట చెప్పండి. ఇక్కడ టెర్మినళ్లు వేరువేరు చోట్ల ఉన్నాయి. కువైట్ ఎయిర్‌వేస్ వారి విమానాలు టెర్మినల్ 4కు, జజీరా వారివి టెర్మినల్ 5కు, ఇతర సంస్థలవి ఎక్కువగా టెర్మినల్ 1కు వస్తాయి. ఒక దాని నుంచి మరొక దానికి నడిచి వెళ్లే దూరం కాదు. టికెట్టు మీద టెర్మినల్ చూసుకుని అక్కడే ఎదురుచూడమనండి.

ప్రశ్నించినవారి మాట: కావలి వాసి

ఇంత వివరంగా రాసిన అందరికీ మా అమ్మగారి తరఫున కూడా నమస్కారాలు. చెన్నై టికెట్టునే ఉంచుతున్నాము, ముందురోజు పినాకినిలో తీసుకువెళతాను. అక్కగారు చెప్పినట్టు కాగితం రాసి డాక్టరుగారికి చూపిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. మనుమల బడి సెలవులు జూలైలో కాబట్టి, అమ్మను అంతవరకు ఉంచుకుని వాళ్లతో పాటే తీసుకువస్తామని చెల్లెలు అంటోంది, వీసా గడువు కూడా అందుకు సరిపోతుందట. తిరుగు ప్రయాణం జూలైకి మారితే ఈ 4 గంటల 40 నిమిషాలు మారుతాయా?

ఐదవ జవాబు: నెల్లూరు, విమానాశ్రయంలో గ్రౌండ్ విభాగంలో పనిచేసినవాడు

మారుతాయి. జనవరిలో నేను చెప్పిన పడమటి జెట్ ప్రవాహం వానాకాలం నాటికి హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. దాని స్థానంలో దక్షిణ భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తుకూ అంతకంటే పైకీ, తూర్పు నుంచి పడమరకు వీచే మరొక ప్రవాహం ఏర్పడుతుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి 1950లలో ప్రపంచానికి తెలియజేసిన శాస్త్రవేత్త మన తెలుగువారే. ఆయన పేరు పంచేటి కోటేశ్వరం. తరువాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. రుతుపవనాలను అర్థం చేసుకోవడంలో ఆయన కృషికి ఉన్న స్థానం పెద్దది. మన పిల్లల పాఠాలలో ఆయన గురించి ఇంకా ఎక్కువగా ఉండాలని నా కోరిక.

ప్రయాణానికి దాని ఫలితం ఏమిటంటే, చలికాలంలో తిరుగు విమానానికి ఉండే వెనుక గాలి జూలైలో చాలావరకు ఉండదు, దక్షిణ భారతం మీదికి వచ్చాక కొంత ఎదురుగాలి కూడా తగలవచ్చు. 4 గంటల 40 నిమిషాలకు బదులు ఐదు గంటలకు దగ్గరగా అనుకోండి. వెళ్లే విమానానికి మాత్రం జనవరి కంటే ఆ కాలమే సులువు.

గాలి కంటే ముఖ్యమైనది ఎండ. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ దానిని పరిశీలించి ధృవీకరించింది. ఆ ఎండలో గాలి పలచబడి విమానం లేవడానికి పొడవైన పరుగు కావాలి, కొన్నిసార్లు బరువు తగ్గించుకోవలసి వస్తుంది. మీరు ఎంచుకున్న రాత్రి 11 గంటల విమానం కాబట్టి ఆ సమస్య తక్కువ. అమ్మగారు ఇంటి నుంచి విమానాశ్రయానికి వచ్చేది కూడా చీకటి పడిన తరువాతే కావడం మంచిదే.

మార్చిలోనే వచ్చేటట్టయితే ఒక జాగ్రత్త. విమాన సంస్థల వేసవి సమయపట్టిక మార్చి చివరి ఆదివారం నుంచి మొదలై అక్టోబరు చివరి ఆదివారానికి ముందురోజు శనివారం వరకు సాగుతుంది. మీ తిరుగు తేదీ ఆ ఆదివారానికి అటు పడితే ఇప్పుడు టికెట్టు మీద ఉన్న వేళ మారే అవకాశం ఎక్కువ. మారితే సంస్థ వారు పంపే సందేశం టికెట్టు కొన్నప్పుడు ఇచ్చిన నంబరుకే వస్తుంది కాబట్టి, ఏజెంటు ద్వారా కొని ఉంటే అక్కడ ఏజెంటు నంబరు కాక మీదీ, మీ చెల్లెలిదీ ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి. బయలుదేరడానికి వారం ముందు ఒకసారి, ముందురోజు మరొకసారి సంస్థ వారి దగ్గరే వేళను సరిచూసుకుని, మారితే డాక్టరుగారు రాసిన కాగితాన్ని కూడా దానికి తగినట్టు తిరిగి రాయించుకోండి.